హిస్లాప్ దొర ఏరిన రాళ్ళు: గోదావరి లోయ శిలాజములు, జలప్రళయ వాదము

శిలాజముల గూర్చి ఒక వేదాంత పత్రికలో వ్రాయవలసిన అవసరమేమిటని కొందరు దైవజనులు అడుగవచ్చు. నాకు ఆ అవసరము ఎచ్చెర్లలో ఒక యవ్వనస్థుల కూటములో కలిగింది. ఆదికాండము 6 నుండి 8 అధ్యాయాలు బోధిస్తూ, ఇంగ్లీషు నుండి తెలుగులోనికి వచ్చిన ఒక చిన్న పుస్తకాన్ని నమ్ముకొని, భూమిలో దొరికే శిలాజాలన్నీ నోవహు కాలపు జలప్రళయములో చనిపోయిన ప్రాణులవేనని ధైర్యంగా చెప్పాను. కూటము ముగిశాక డిగ్రీ చదువుతున్న ఒక అబ్బాయి దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, అలాగైతే మన కొండల్లో ఒక్క గవ్వయినా కనబడాలి కదండీ?" అన్నాడు. ఎగతాళికి అడిగిన ప్రశ్న కాదు. దేవునికి అసాధ్యమైనది ఏదీ లేదని చెప్పి పంపించాను. అది అతని ప్రశ్నకు జవాబు కాదని ఇంటికి చేరేలోగానే నాకు తెలిసింది. కొన్ని నెలలకు అతడు కూటములకు రావడం మానేశాడు. నా జవాబే కారణమని అనను, కాదని కూడా అనలేను.

ముందుగా అతని ప్రశ్న సంగతి చూద్దాము. మా జిల్లా కొండలు ఎక్కువగా ఖొండలైటు, చార్నొకైటు, గ్రానైటు జాతి రాళ్ళు. ఖొండలైటు అనే పేరును 1902లో టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త తూర్పు కనుమలలో నివసించే ఖోండు గిరిజనుల పేరున పెట్టాడు. కోణార్క దేవాలయము కట్టింది కూడా ఎక్కువగా ఈ రాతితోనే. ఒకప్పుడు అది నీటి అడుగున పేరుకున్న బురదే అయినా, భూమి లోతుల్లో విపరీతమైన వేడికీ ఒత్తిడికీ లోనై పూర్తిగా మారిపోయింది. అటువంటి రాతిలో గవ్వ ఉన్నా మిగలదు. కాబట్టి మన కొండల్లో గవ్వ లేకపోవడం వలన ప్రళయము జరిగిందనీ తేలదు, జరగలేదనీ తేలదు. ఆనాడు నేను ఈ మాట చెప్పగలిగి ఉంటే అతడు అక్కడితో ఆగేవాడు కాదేమో. కడప సంగతేమిటని అడిగి ఉండేవాడు.

కడప సంగతి నిజంగా పెద్దదే. మన చర్చిలలో, ఇళ్ళలో నేలకు పరచే నాపరాళ్ళు చాలామట్టుకు కడప, కర్నూలు ప్రాంతాల నుండి వస్తాయి. అవి నీటి అడుగున పొరలు పొరలుగా ఏర్పడిన రాళ్ళు. కొన్ని రాళ్ళ మీద అలల ముద్రలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ పొరల మందం కొన్ని కిలోమీటర్లు. మన కొండల రాళ్ళవలె అవి మారిపోలేదు కూడా. వేంపల్లె పొరలలో స్ట్రోమటోలైట్లు, అనగా కంటికి కనబడని సూక్ష్మజీవులు చాపవలె పరచుకొని పొర మీద పొర కట్టిన గుండ్రని ముద్రలు, స్పష్టముగా ఉన్నాయి. అయితే ఆ రాళ్ళలో ఒక చేప ముల్లు గాని, నత్త గుల్ల గాని, ఆకు గాని దొరకలేదు. ప్రపంచమంతటి ప్రాణులూ చనిపోయిన ఒకే సంవత్సరములో ఈ బురద పేరుకొని ఉంటే, చాపవంటి ఆ సన్నని జీవుల ముద్రలు మిగిలి, చేపలు మాత్రం ఒక్కటీ మిగలకపోవడం ఎలాగు? ఈ ప్రశ్నకు ఆ చిన్న పుస్తకములో నాకు జవాబు దొరకలేదు. నేను బోధించిన వేదిక క్రింద పరచి ఉన్నవి కడప బండలేనని తరువాత గమనించాను.

ఇక చరిత్రలోనికి వద్దాము. శిలాజాలు జలప్రళయపు గురుతులనే తలంపును డార్విను మనుష్యులు వచ్చి పడగొట్టారని మనలో చాలామంది అనుకొంటారు. వాస్తవమేమిటంటే దానిని ముందుగా విడిచిపెట్టినది పాదిరులే. ఆక్స్‌ఫర్డులో భూగర్భశాస్త్రము బోధించిన విలియం బక్‌లాండ్ ఆంగ్లికను గురువు. 1821లో ఇంగ్లండులోని కిర్క్‌డేల్ గుహలో తోడేళ్ళను పోలిన హైనాల ఎముకలు, వాటితోపాటు ఏనుగు, ఖడ్గమృగము ఎముకలు బయటపడినప్పుడు ఆయన వాటిని శ్రద్ధగా పరిశీలించి, ఆ గుహ హైనాల నివాసమని, పైన పరచుకొన్న బురద మాత్రము ప్రళయపు బురద అని 1823లో గ్రంథము వ్రాశారు. పదమూడేండ్లకు, 1836లో, అదే బక్‌లాండ్ ఆ అభిప్రాయమును వెనుకకు తీసుకొన్నారు. కేంబ్రిడ్జిలో ఆడం సెడ్జ్‌విక్, ఆయన కూడా గురువే, 1831లో జియలాజికల్ సొసైటీ అధ్యక్ష పీఠము నుండి తన పొరపాటును బాహాటముగా ఒప్పుకొన్నారు. డార్విను పుస్తకము వెలువడింది 1859లో. ఈ తేదీల వరుస మన విద్యార్థులు గుర్తుంచుకోదగినది. ఆ గురువులు విశ్వాసము విడిచి ఆ మాట అనలేదు; రాళ్ళను చూసి అన్నారు.

అప్పుడే స్కాట్లండులో థామస్ చామర్స్ ఆదికాండము 1వ అధ్యాయము మొదటి రెండు వచనాల మధ్య దీర్ఘకాలము ఉండవచ్చునని బోధించారు. దీనినే మనము విరామ సిద్ధాంతము అంటాము. 1909 నాటి స్కోఫీల్డు బైబిలు వివరణల ద్వారా అది మన తెలుగు సంఘాలకు కూడా చేరింది. మా ప్రాంతపు పాత పాస్టర్ల అలమరాలలో ఆ బైబిలు కనబడని ఇల్లు తక్కువ. అంటే భూమి వయస్సు ఆరువేల ఏండ్లేనని పట్టుబట్టడం మన తాతల నాటి విశ్వాసము కాదు. చామర్స్ నాయకత్వములో 1843లో ఏర్పడిన ఫ్రీ చర్చిలో హ్యూ మిల్లర్ అనే పెద్ద ఉండేవారు. రాళ్ళు చెక్కే పనివాడుగా మొదలై పత్రికా సంపాదకుడైన మనిషి. ఆయన మరణానంతరము 1857లో వెలువడిన గ్రంథములో జలప్రళయము నోవహు నివసించిన ప్రదేశానికి పరిమితమైనదని వాదించారు. ఆయన లేఖనమును తేలికగా తీసుకొన్న వ్యక్తి కాదని ఆయన సంపాదకీయాలు చదివిన వారెవరైనా ఒప్పుకొంటారు.

ఆ ఫ్రీ చర్చి పంపిన మిషనరీయే స్టీఫెన్ హిస్లాప్. 1817లో పుట్టి, 1845లో నాగపురము చేరారు. దగ్గరనే ఉన్న కామ్టీ కంటోన్మెంటులో మద్రాసు సైన్యము ఉండేది గనుక తెలుగు, తమిళ సిపాయి కుటుంబాలు కూడా ఆ మిషను పరిధిలోనివే. ఆయన బడులు నడిపారు, గోండుల భాషను, పాటలను సేకరించారు. ఆయన మరణించిన తరువాత ఆ కాగితాలను రిచర్డ్ టెంపుల్ 1866లో అచ్చువేయించారు. నాగపురములోని హిస్లాప్ కళాశాల ఆయన పేరునే ఉన్నది.

హిస్లాప్ గారు, ఆయన తోటి మిషనరీ రాబర్ట్ హంటర్ గారు కలిసి నాగపురము చుట్టుప్రక్కల రాళ్ళను పరిశీలించి 1855లో లండను జియలాజికల్ సొసైటీ పత్రికలో పెద్ద వ్యాసము ప్రచురించారు. దక్కను పీఠభూమి నిండా ఉన్న నల్ల బండ, అంటే లావా గడ్డకట్టిన రాయి, ఒకే పోతలో వచ్చినది కాదు. రెండు లావా పొరల నడుమ అక్కడక్కడ పలుచని మట్టి, సున్నపురాతి పొరలున్నాయి. వాటిలో మంచినీటి నత్తల గుల్లలున్నాయి. అంటే మొదటి లావా పారింది, చల్లారింది, దాని మీద చెరువు ఏర్పడింది, చెరువులో నత్తలు పుట్టి పెరిగి చచ్చాయి, ఆ తరువాత మరొక లావా వచ్చి దానిని కప్పింది.

ఇదే దృశ్యము మన రాజమహేంద్రవరము దగ్గర కూడా ఉంది. కాతేరు దగ్గర, గోదావరికి ఆవలి ఒడ్డున పంగిడి దగ్గర, రెండు లావా పొరల మధ్య సున్నపురాతిలో గుల్లలు దొరుకుతాయి. ఇక్కడ సముద్రపు గుల్లలు, ఉప్పునీరు మంచినీరు కలిసే చోట బ్రతికే గుల్లలు ఉన్నాయి. 1860 నాటి తన రెండవ వ్యాసములో హిస్లాప్ గారు ఈ రాజమండ్రి గుల్లలను కూడా వివరించారు. ఆ పొరల వయస్సు విషయములో ఆయన పొరపడ్డారు. నత్తలను చూసి అవి తరువాతి యుగమువని లెక్కించారు. నేటి లెక్క ప్రకారము దక్కను లావాలు ప్రధానంగా సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల నాటివి. 2008లో గెర్టా కెల్లర్ బృందము రాజమండ్రి దగ్గరి ఈ మధ్య పొరలలోని సూక్ష్మ సముద్రజీవుల గుల్లలను పరిశీలించి, రాక్షసబల్లులు అంతరించిన కాలపు సరిహద్దుకు వాటికి గల సంబంధాన్ని చూపించారు.

ఇప్పుడు ఆదికాండపు లెక్క చూడండి. 7:11 నుండి 8:14 వరకు చదివితే నోవహు ఓడలో ఉన్న కాలము ఒక సంవత్సరము పది దినములు. ఈ కాలములోనే నీళ్ళ అడుగున లావా పారి, చల్లారి, దాని మీద చెరువు నిలిచి, నత్తలు తరతరాలుగా పెరిగి, మళ్ళీ లావా పారి, మళ్ళీ చెరువు నిలిచిందని చెప్పాలి. వాక్యము ఆ మాట చెప్పడం లేదు. వాక్యము చెప్పని లావాను, వాక్యము చెప్పని చెరువును మనమే కల్పించి ప్రళయములో చేర్చవలసి వస్తున్నది. ఇది లేఖనమును కాపాడటము ఎలాగవుతుందో నాకు బోధపడలేదు.

హిస్లాప్ గారి పేరు ఇంకొక చోట కూడా మిగిలింది. నాటి ఆదిలాబాదు జిల్లాలో మలేరి అనే గ్రామము దగ్గర ఎర్రమట్టి పొరలలో దొరికిన వింత చేప పళ్ళను థామస్ ఓల్డ్‌హామ్ 1859లో వివరించి, ఒక జాతికి హిస్లాప్ పేరు, ఒక జాతికి హంటర్ పేరు పెట్టారు. మూడవదాని పేరు విరాప. మన వీరప్పను తలపించే ఆ పేరు ఇంగ్లీషు పేర్ల ప్రక్కన చూసినప్పుడు నాకు ఎందుకో సంతోషం కలిగింది. ఇవి సెరటోడస్ అనే ఊపిరితిత్తుల చేప పళ్ళు. 1870లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండులో ఇటువంటి చేప బ్రతికి ఉన్నట్లు తెలిసింది. సృష్టివాదులు దీనిని తరచుగా చూపి, యుగాలు గడిస్తే మారకుండా ఎలా ఉంటుందని అడుగుతారు. అడగదగిన ప్రశ్నే. అయితే ఆస్ట్రేలియా చేప మలేరి చేపకు బంధువే గాని అదే జాతి కాదు. పైగా ఒక ప్రాణి మిగిలి ఉండటము, మిగతావి అంతరించిన సంగతిని రద్దు చేయదు.

ఆ మలేరి మట్టిలోనే ముక్కు కొనదేలిన, పంది పరిమాణపు సరీసృపము ఎముకలు దొరికాయి. స్కాట్లండులోని ఎల్గిన్ దగ్గర కూడా అదే రకము దొరికింది. ఈ రెండింటి పోలికను 1869లో వివరించినవాడు థామస్ హక్స్‌లీ, డార్విను పక్షాన వాదించిన ప్రఖ్యాతుడు. మొసలిని పోలిన మరొక ప్రాణికి 1885లో లైడెక్కర్ పెట్టిన పేరు పారాసుకస్ హిస్లోపి. మిషనరీ పేరు రాక్షస మొసలికి తగిలించడం మర్యాదో కాదో గాని, పేరు మాత్రం నిలిచిపోయింది.

హిస్లాప్ గారి అంతము నీటిలోనే జరిగింది. 1863 సెప్టెంబరు 4న, టాకల్‌ఘాట్ దగ్గర పురాతన రాతి వలయాలను చూసి, దారిలో ఒక పల్లె బడిని పరీక్షించి తిరిగి వస్తూ, చీకటిలో పొంగిన వాగు దాటబోయి మునిగిపోయారు. అప్పటికి ఆయన వయస్సు 46 నిండలేదు.

ఆయన తరువాత గోదావరి లోయ కథ ఆగలేదు. ఈ లోయలో పొరల వరుస ఇలా ఉంటుంది. అన్నిటికంటె క్రింద తాల్చిరు పొరలు. వాటిలో మంచునదులు ఈడ్చుకొచ్చిన గుండ్లున్నాయి. 1875లో ఫెడెన్ అనే సర్వే అధికారి చంద్రపూర్ దగ్గర పెన్‌గంగ ఒడ్డున ఇరాయి వద్ద మంచు గీసిన గీతలున్న రాతి నేలను చూపించాడు. మే నెలలో రామగుండము స్టేషనులో రైలు కోసం నిలబడిన వారికి ఈ మాట నమ్మడం కష్టమే. దాని మీద సింగరేణి బొగ్గు పొరలు. బొగ్గుతో పాటు గ్లోసాప్టెరిస్ అనే చెట్టు ఆకులు, వాటి వేర్లు దొరుకుతాయి. దాని పైన మలేరి ఎర్రమట్టి. ఇంకా పైన ప్రాణహిత ఒడ్డున కోట గ్రామము పేరున కోట పొరలు. మంచు, అడవి, ఎండిన మైదానము, మళ్ళీ చేపలున్న చెరువులు, అన్నీ ఒకే లోయలో ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

కోట పొరలలోనే, సిరొంచ ప్రాంతపు పోచంపల్లి దగ్గర (ఇది చీరల పోచంపల్లి కాదు), 1959 నుండి 1961 వరకు కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారు త్రవ్వి పెద్ద రాక్షసబల్లి ఎముకలు సుమారు 300 తీశారు. తొడ ఎముక ఒక్కటే మనిషి ఎత్తు ఉన్నది. ఆ సంవత్సరము రవీంద్రనాథ్ ఠాగూరు శతజయంతి గనుక దానికి బారాపాసారస్ టాగోరై అని 1975లో పేరు పెట్టారు. బెంగాలీలో బారా పా అంటే పెద్ద కాలు. ఎముకలు కనీసము ఆరు ప్రాణులవి. తల మాత్రము దొరకలేదు. పెద్ద చెట్ల మొద్దులతో కలిసి పడి ఉన్న తీరును చూసి, ఒక మంద వరదలో చిక్కి చనిపోయి ఉండవచ్చునని పరిశోధకులే భావించారు. ఈ మాట మనము జాగ్రత్తగా వినవలెను. శాస్త్రవేత్తలు వరదను ఎప్పుడూ కాదనలేదు. వంశధార, నాగావళి పొంగితే ఏమవుతుందో మా ప్రాంతము వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. నీరు తీసిన తరువాత పొలములో మోకాలి లోతు ఇసుక మేట వేసి ఉంటుంది. అలాంటి వరదలు ఎన్నో ఆ లోయలో శిలాజాలను కప్పాయి. వాదమంతా అవన్నీ ఒకే వరదా అన్న దాని మీదనే.

అదే పొరలలో, ఆదిలాబాదు వైపు యామనపల్లి దగ్గర దొరికిన మరొక రాక్షసబల్లికి 1988లో పి. యాదగిరి కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరము హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియములో నిలబెట్టి ఉంది. హైదరాబాదు మహాసభలకు వెళ్ళే దైవజనులు ఒక గంట వెచ్చించి చూడవలెనని నా మనవి.

విచిత్రమేమిటంటే పోచంపల్లి త్రవ్వకము ముగిసిన ఆ 1961లోనే అమెరికాలో పాత నిబంధన పండితుడు జాన్ విట్‌కూంబ్, జలవనరుల ఇంజనీరు హెన్రీ మోరిస్ కలిసి జలప్రళయ వాదమును మళ్ళీ లేవనెత్తిన పుస్తకము వెలువరించారు. దాని మూలము 1923లో జార్జి మక్రెడీ ప్రైస్ అనే అడ్వెంటిస్టు ఉపాధ్యాయుడు వ్రాసిన గ్రంథము. నేను కూటములో చదివి వినిపించిన చిన్న పుస్తకపు మాటలన్నీ ఈ ధారలోనివే. మన సంఘాలలో అనాది బోధగా చెలామణి అవుతున్న దానికి నా వయస్సు కంటే ఎక్కువ వయస్సు లేదు.

ఈ వాదులు పొరల వరుసకు చెప్పే వివరణ ఇది: బరువైనవి ముందు మునిగాయి, లోతట్టు ప్రాణులు ముందు చనిపోయాయి, పరుగెత్తగలిగినవి కొండలెక్కి చివరకు చనిపోయాయి. వినడానికి బాగుంటుంది. అయితే కోట పొరలలో కొండంత రాక్షసబల్లితో పాటు మిల్లీమీటర్లలో కొలిచే పళ్ళున్న చిన్న క్షీరదములు కూడా దొరికాయి. వాటిలో ఒకదానికి 1981లో పెట్టిన పేరు కోటాథీరియం హల్డానై. ఎలుకంత ప్రాణి అక్కడ ఉన్నప్పుడు గేదె, ఆవు, మేక, మనిషి ఎముక ఒక్కటీ ఎందుకు లేదు? ముసలి గేదె కూడా రాక్షసబల్లి కంటే ముందుగా కొండెక్కిందా? పోనీ ప్రాణులు పరుగెత్తాయనుకొందాము. చెట్లు పరుగెత్తవు. పువ్వు పూసే మొక్కల పుప్పొడి గాలికి ఎగిరి అంతటా పడుతుంది. సింగరేణి బొగ్గులో గాని, కోట పొరలలో గాని అది లేదు. ఇంకా పై కాలపు పొరలలోనే కనిపిస్తుంది. చంద్రపూర్ జిల్లాలోని పిస్దురా అనే చోట రాక్షసబల్లుల పేడ రాయిగా మారి దొరుకుతుంది. 2005లో వందనా ప్రసాద్ మొదలైన శాస్త్రజ్ఞులు ఆ పేడలో గడ్డి కణముల గురుతులు చూపించారు. 2011లో వాటిలో వరి తెగకు చెందినవి కూడా ఉన్నాయని ప్రకటించారు. మన అన్నపు గింజ పూర్వీకులు రాక్షసబల్లి కడుపులో! దీని మీద ప్రసంగము ఎలా చేయాలో నేను ఇంకా ఆలోచిస్తున్నాను.

పరిణామవాదుల పక్షాన తప్పులు జరగలేదని నేను అనడం లేదు. 1912 నాటి పిల్ట్‌డౌన్ పుర్రె మోసమని 1953లో తేలింది. మన దేశములోనే ఒక ఆచార్యుడు హిమాలయాలలో దొరికాయని విదేశీ శిలాజాలు చూపించిన వ్యవహారము 1989లో నేచర్ పత్రికలో బయటపడింది. మన ప్రసంగీకులు ఈ రెండింటినీ ఉత్సాహంగా ఉదహరిస్తారు. అయితే ఈ రెండింటినీ బయటపెట్టినది శిలాజ శాస్త్రజ్ఞులే. టెక్సాసులోని పలుక్సీ నదిలో మనిషి అడుగులు, రాక్షసబల్లి అడుగులు ప్రక్కప్రక్కన ఉన్నాయని చూపిన చలనచిత్రమును కూడా 1980 దశకములో సృష్టివాదులే ఉపసంహరించుకొన్నారు. వారి యథార్థతను మెచ్చుకోవాలి. కాని ఆ అడుగుల ముచ్చట ఇంకా మన తెలుగు కరపత్రాలలో కనబడుతున్నది.

శిలాజాల వలన నిజముగా బరువైన ప్రశ్న జలప్రళయము గూర్చి కాదని ఇప్పుడు నా అభిప్రాయము. 'భూమి అంతటా' అనే మాటకు హీబ్రూలో వాడిన ఎరెట్స్ అనే పదము దేశమనే అర్థములో కూడా వస్తుంది. ఆదికాండము 41:57లో ధాన్యము కొనడానికి 'సమస్త దేశస్థులు' ఐగుప్తుకు వచ్చారన్నప్పుడు మా ఎచ్చెర్ల వారు కూడా వెళ్ళారని ఎవరూ అనుకోరు. బరువైన ప్రశ్న మరణము గూర్చినది. మలేరి మట్టిలో దొరికిన రెండు సంపూర్ణ పారాసుకస్ అస్థిపంజరాల కడుపు భాగములో మరొక చిన్న సరీసృపపు ఎముకలున్నాయి. దానికి మలేరిసారస్ అని పేరు. అవి తిన్నవేనని శంకర్ చటర్జీ గారి అభిప్రాయము. హిస్లాప్ పేరు గల ప్రాణి ఒకటి మరొకదానిని మింగి, అరగక ముందే చనిపోయింది. మనిషి అనేవాడు లేని కాలములో ఇది జరిగింది. మరి రోమా 5:12 మాటేమిటి?

విట్‌కూంబ్, మోరిస్ మొదలైనవారి పట్టుదల వెనుక ఉన్నది ఈ భయమే. ఆ భయమును నేను ఎగతాళి చేయను. పాపము వలన మరణము రాకపోతే సిలువ ఎందుకని వారి ప్రశ్న. ఆ వచనములో పౌలు మరణము మనుష్యులందరికి సంప్రాప్తమైనదని వ్రాశాడు. మృగముల మాట అక్కడ లేదు. 104వ కీర్తన సృష్టిని గూర్చిన స్తుతి. దాని 21వ వచనములో సింహపు పిల్లలు వేట కొరకు గర్జించి దేవుని చేతి నుండి ఆహారము వెదకుతాయి. కీర్తనాకారుడు దానిని శాపముగా కాక స్తుతిగా లెక్కించాడు. అయితే రోమా 8:20-22లో సృష్టి యావత్తు మూలుగుచున్నదన్న మాట ఉంది. ఈ రెండింటినీ ఎలా కలపాలో నాకు పూర్తిగా తేలలేదు. పాత నిబంధన పరిశోధన చేసే విద్యార్థులెవరైనా దీనిని వ్యాసాంశముగా తీసుకొంటే మంచిది. మూలుగు ఎప్పుడు మొదలైందన్న ప్రశ్నకు ఆదికాండము 3:17-18 మాత్రమే చూడక, యోబు 38 నుండి 41 అధ్యాయాలను కూడా ప్రక్కన పెట్టుకొని చదవవలెను.

ఆ అబ్బాయి ఇప్పుడు వేరే ఊరిలో ఉద్యోగము చేస్తున్నాడు. చిరునామా వాళ్ళమ్మగారిని అడిగి తీసుకొన్నాను. ఈ సంచిక రాగానే ఒక ప్రతి పంపుతాను. మన కొండల్లో గవ్వ ఎందుకు లేదో రెండవ పేరాలో ఉంది.